ఇప్పలగూడెం శాసనం

ఒకానొక రాజ్యంలో రాజుగారికి సందేశాలిచ్చే అలవాటు ఉండేది. రాజ్యం పేరు కుంభగిరి, రాజుగారి పేరు ప్రతాపకేతుడు. ఆయన దుర్మార్గుడు కాడు. పన్నులు మితంగానే వేసేవాడు, యుద్ధాలకు పోయేవాడు కాడు. తాను చెప్పిన మాట జనం గుండెల్లో నాటుకుపోతుందని మాత్రం ఆయనకు గట్టి నమ్మకం.

పండగొస్తే సందేశం. వానొస్తే సందేశం. పట్టపుటేనుగుకు జ్వరం తగ్గినా సందేశమే. దండోరా వేసేవాళ్ళు ఊరూరా తిరిగి వాటిని చాటేవాళ్ళు. జనం పనులు ఆపుకుని నిలబడి విని, మళ్ళీ పనుల్లోకి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ కొలువులో కూచన్న అని ఒక కవి ఉండేవాడు. రాజుగారి సందేశాల్లో వాక్యాలు సరిచేయడం, మరీ పొడుగైతే కత్తిరించడం ఆయన పని. కత్తిరించినవాటిని రాజుగారు మళ్ళీ అతికించేవారు. అందుచేత కూచన్నకు పని ఎప్పుడూ తరిగేది కాదు.

ఒక ఏడాది రాజుగారు తన జన్మదినానికి ఒక పెద్ద సందేశం తయారుచేశారు. అందులో మూడు భాగాలు. మేలు చేసినవారి పట్ల కృతజ్ఞత కలిగి ఉండండి అని మొదటిది. వీధులు, వాడలు అన్న భేదం లేకుండా ఐకమత్యంతో మెలగండి అని రెండవది. పిల్లలకు చదువు చెప్పించండి అని మూడవది. ఎప్పటిలాగే దండోరా వేయించారు. కానీ ఈసారి నెలలు గడిచినా దండోరాతో ఆయనకు తృప్తి కలగలేదు.

"గాలిలో చెప్పిన మాట గాలిలోనే పోతోంది మంత్రీ. ఇది నిలవాలి" అన్నారు.

మంత్రి మార్తాండయ్యకు రాజుగారి మనసులోని మాట కనిపెట్టడంలో గొప్ప నేర్పు ఉంది. "రాతి మీద చెక్కిద్దాం ప్రభూ. ఊరికొక శాసనస్తంభం. తమ మనుమల మనుమలు కూడా చదువుకుంటారు" అన్నాడు.

రాజుగారు పొంగిపోయారు. మర్నాడే మంత్రి మనుషులు రాళ్ళ కోసం బయలుదేరారు.

*

కొన్నాళ్ళకు కూచన్న ఇంటికి ఒక ముసలామె వచ్చింది. కాళ్ళ నిండా దారి దుమ్ము. పేరు ముత్తవ్వ, ఊరు ఇప్పలగూడెం. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన నీళ్ళు తాగి, చెంబు పక్కన పెట్టి సూటిగా విషయానికి వచ్చింది.

"అయ్యా, రాజుగారి మాటలు రాసేది నువ్వేనట గదా?"

"రాసేది ఆయనే అవ్వా. నేను దిద్దుతాను."

"అయితే నీకు ఎరికే ఉంటది. పిల్లలకు చదువు చెప్పియ్యున్రి అని దండోరా ఏయించిన్రు. మేము విన్నం."

"విన్నారా?" అని కూచన్న ఆశ్చర్యపోయాడు. అన్నేళ్ళ కొలువులో ఆయనకు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు.

"విననట్టు అడుగుతవేంది? ఎగువ వీధోళ్ళు, దిగువ వీధోళ్ళు ఒక్కటై ఎండకాలమంత గుట్ట మీదికెళ్ళి రాళ్ళు దించిన్రు. ఆడోళ్ళు, మొగోళ్ళు అందరం మోసినం. బడి కడదామని. గోడలకు రాళ్ళు, గడపకో రాయి, దర్వాజ మీదికి ఇంత పొడుగు రాయి. చదువు చెప్పే పంతుల్ని గూడ మాట్లాడుకున్నం."

"మంచి పని."

"ఏం మంచి? మంత్రిగారి మనుషులొచ్చి రాళ్ళన్నీ మావే అన్నరు. ఎందుకు నాయనా అంటే, చదువు చెప్పియ్యమని రాజుగారు చెప్పిన మాట చెక్కాలె, దానికి కావాలె అన్నరు. పొడుగు రాయి శాసనానికట. మిగిలినయి దాని కింద గద్దెకట."

కూచన్న నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"పంతులు వాళ్ళ ఊళ్ళోనే ఉండి కోతల దాకా చూస్త అన్నడు. అప్పటికి బడి లేవకపోతే ఇంకో ఊరికి పోతడు. మళ్ళ అంత రాయి దించాలంటే మాతోని కాదు. నా నడుము అప్పుడే పోయింది. నువ్వు రాజుగారికి చెప్పు" అని ముత్తవ్వ లేచింది. బతిమాలినట్టు లేదు. పని అప్పగించినట్టుంది.

*

మర్నాడు కూచన్న కొలువులో విషయం ఉన్నదున్నట్టు చెప్పాడు. రాజుగారు శ్రద్ధగానే విన్నారు.

"బడి తర్వాతైనా కట్టుకోవచ్చు కూచన్నా. ముందు బడి ఎందుకు కట్టాలో వాళ్ళకు తెలియాలి గదా? అది నా సందేశంలో ఉంది."

"చదవడం రానివాళ్ళకు రాతి మీద ఉన్నది ఎలా తెలుస్తుంది ప్రభూ?"

కొలువులో ఎవరో దగ్గారు. మంత్రి అందుకున్నాడు. "కూచన్నగారు ప్రభువుల వాక్కును మామూలు రాతలతో పోలుస్తున్నారు. అది హృదయానికి తాకే వాక్కు. అక్షరాలు రానివాడు కూడా ఆ రాయి ముందు నిలబడితే చాలు, భావం బోధపడుతుంది."

ఇంత మాట రాజుగారు కూడా అనుకుని ఉండరు. కానీ విన్నాక బాగానే ఉందనిపించింది. కూచన్న ముఖంలో ఆ నమ్మకం కనబడకపోవడం మాత్రం బాగాలేదు.

"సరే, తేల్చుకుందాం" అన్నారు. "మొదటి శాసనం ఇప్పలగూడెంలోనే. నువ్వే దగ్గరుండి నిలబెట్టించు. కోతలయ్యాక నేను స్వయంగా వస్తాను. ఆ ఊరివాళ్ళు నా సందేశం చదివి చెప్పగలిగితే నువ్వు నీ ఘంటం, నీ మూట సర్దుకుని ఈ రాజ్యం విడిచి వెళ్ళాలి. చెప్పలేకపోతే నువ్వడిగింది ఇస్తాను."

"చిత్తం" అన్నాడు కూచన్న. పుట్టి పెరిగిన ఊరు, చాలీచాలని ఇల్లు, ఇంటి వెనక ములగచెట్టు ఆయన కళ్ళ ముందు కదిలాయి. ఆయన వయసులో కొత్త రాజ్యం, కొత్త రాజు, కొత్త సందేశాలు అంటే సులువు కాదు.

*

ఇప్పలగూడెంలో రెండు వీధులు కలిసేచోట గద్దె కట్టారు. రాజధాని నుంచి వచ్చిన శిల్పి నేల మీద పడుకోబెట్టిన రాతిపై అక్షరాలు చెక్కి, పక్క ఊరి రాయి చెక్కడానికి వెళ్ళిపోయాడు. మర్నాడు దాన్ని లేపడానికి కూలీలు మోకులు, దుంగలు తెచ్చుకున్నారు. కూచన్న దగ్గర నిలబడ్డాడు.

మేస్త్రి రాతి చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఏ కొస పైకి స్వామీ?" అని అడిగాడు.

కూచన్న మేస్త్రిని చూశాడు, రాతిని చూశాడు, చుట్టూ మూగిన జనాన్ని చూశాడు. అందరూ ఆయన చెప్పేదాని కోసమే ఎదురు చూస్తున్నారు. ఆయన వేలితో ఒక కొస చూపించాడు.

"ఇదా?"

"అదే."

మేస్త్రి ఇంకేమీ అడగలేదు. కూలీలు కేకలు పెడుతూ మోకులు లాగారు. రాయి లేచి నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఉదయానికి రాతికి పసుపు పూసి ఉంది. ఎవరు పూశారో తెలియదు. ఆ తర్వాత కుంకుమ బొట్లు పడ్డాయి. ఒక వేపకొమ్మ వచ్చింది. ఒక దీపం వచ్చింది. గద్దె మీద నిలబెట్టిన రాయి, దాని నిండా ఏవో గీతలు, రాజుగారు పంపించినది. మొక్కకుండా ఎవరుంటారు? గీతలున్నాయి గనక గీతలమ్మ అని పేరు కూడా పెట్టేశారు.

ఒక పిల్లవాడికి గజ్జి తగ్గిన తర్వాత గీతలమ్మకు బోనం చేయాలన్నారు. అక్కడే చిక్కు వచ్చింది. మొదటి బోనం మాదంటే మాదని ఎగువ వీధీ, దిగువ వీధీ పట్టుబట్టాయి. రాయి మా వైపు తిరిగి ఉందని వీళ్ళు, గద్దె మెట్లు మా వైపున్నాయని వాళ్ళు. ఎండాకాలమంతా ఒకే రాయికి భుజాలిచ్చిన మనుషులు ఇప్పుడు ఒకరి గడ్డివాములోకి మరొకరి గొడ్డు వస్తే కర్రలు తీస్తున్నారు.

"చూసినవా నీ రాయి చేసిన పని?" అంది ముత్తవ్వ.

"నాది కాదవ్వా" అన్నాడు కూచన్న.

"మరి నువ్వు నిలబెడితివి గదా?"



మధ్యలో మంత్రిగారు తనిఖీకి వచ్చారు. పల్లకీ తెర తీసి, పసుపు కుంకుమల మధ్య రాతిని చూసి తృప్తిగా తల ఊపారు. పల్లకీ దిగలేదు. "ముత్యాల్లాంటి అక్షరాలు ప్రభూ. కన్నులపండుగగా ఉంది" అని రాజుగారికి చెప్పారు.

అయితే ఆయన కూచన్న సంగతి మరిచిపోలేదు. వెంటనే సందేశం వినివిని నోటికి వచ్చిన ఇద్దరు దండోరావాళ్ళను ఊరికి పంపి, ఊరిపెద్ద గంగులయ్యకు సందేశం మొత్తం కంఠతా పట్టించే ఏర్పాటు చేశారు. రోజూ పొద్దున్నే పశువుల్ని వదిలాక పాఠం. వాళ్ళు చెప్పడం, గంగులయ్య అనడం. ఏ గీత దగ్గర కర్ర పెట్టినప్పుడు ఏ మాట అనాలో కూడా నేర్పారు. కృతజ్ఞత అనే మాట నోరు తిరగడానికే గంగులయ్యకు చాలా రోజులు పట్టింది. కానీ పట్టుదల గల మనిషి. నేర్చుకున్నాడు.

కూచన్న దూరం నుంచి ఆ పాఠాలు విన్నాడు. ముత్తవ్వ పక్కన వచ్చి నిలబడి, "అప్పజెప్తే చదివినట్టేనా అయ్యా?" అంది.

"చూసేవాళ్ళను బట్టి ఉంటుంది అవ్వా" అన్నాడు.

*

కోతలయ్యాయి. రాజుగారు ఏనుగెక్కి వచ్చారు. తోరణాలు, డప్పులు, దండలు. ఎగువ వీధివాళ్ళు ఒక పక్క, దిగువ వీధివాళ్ళు ఒక పక్క నిలబడ్డారు. మధ్యలో భటులు నిలబడటానికి కావలసినంత ఖాళీ ఉంది.

రాజుగారు గద్దె ముందుకు వచ్చి, పసుపుతో మెరిసిపోతున్న రాతిని తల పైకెత్తి చూశారు. జనమంతా మొక్కుతూ ఉంటే ఆయన చేతులు కూడా వాటంతట అవే జోడించుకున్నాయి.

"చదివించండి" అన్నారు.

గంగులయ్య కర్రతో ముందుకు వచ్చాడు. మొదటి గీత మీద కర్ర ఆనించి, గొంతు సవరించుకుని అందుకున్నాడు. కృతజ్ఞత దగ్గర తడబడలేదు. ఐకమత్యం దగ్గర ఆగలేదు. చదువు గురించిన భాగం దగ్గర గొంతు కాస్త పెంచాడు కూడా. కర్ర ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి చక్కగా నడిచింది. చివరి మాట పూర్తికాగానే మంత్రి "శభాష్!" అన్నాడు. జనం అందుకున్నారు.

రాజుగారి కళ్ళు చెమర్చాయి. కూచన్న వైపు తిరిగారు. "ఏమోయ్ కూచన్నా, మూట సర్దుకున్నావా?"

"సర్దుకునే వచ్చాను ప్రభూ. పొలిమేరలో బండి ఆపి ఉంచాను. పోయేముందు చిన్న కోరిక. ఇన్నేళ్ళూ తమ వాక్యాలు నేను చదివాను, దండోరావాళ్ళు చాటారు, ఇప్పుడు గంగులయ్య చదివాడు. తమ నోట ఒక్క వాక్యం, ఈ రాతి మీదిది, వినాలని ఉంది."

ఇంతకంటే న్యాయమైన కోరిక రాజుగారికి తోచలేదు. మెట్లెక్కి రాతి దగ్గరికి వెళ్ళారు. ఉత్తరీయం చెంగుతో పసుపు తుడిచారు. నోరు తెరిచారు. మాట రాలేదు.

తల కుడి పక్కకు వంచారు. తర్వాత ఎడమ పక్కకు వంచారు. ఒక అడుగు వెనక్కి వేశారు. చివరికి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నడుము వంచి, తల కిందికి దించి చూశారు. తలపాగా జారింది. భటుడు ఒడిసి పట్టుకున్నాడు.

డప్పులవాళ్ళు ఎందుకో తమంతట తామే ఆపేశారు.

"ఇది తలకిందులుగా ఉంది" అన్నారు రాజుగారు.

"చిత్తం" అన్నాడు కూచన్న.

"ఎవరు నిలబెట్టారు?"

"నేనే ప్రభూ. దగ్గరుండి నిలబెట్టించమన్నారు."

రాజుగారు నిటారుగా లేచారు. ముఖం ఎర్రబడింది. "నా మాటను తలకిందులు చేస్తావా? నలుగురిలో నన్ను అవమానిస్తావా? నీ తల..."

"అపరాధమే" అన్నాడు కూచన్న. "ప్రభువుల మాట తలకిందులైందని ఇన్ని నెలల్లో ఒక్కరైనా అన్నారేమో అడగండి. మేస్త్రి ఏ కొస పైకి అని నన్నడిగాడు. ఊళ్ళో పెద్దలు మొక్కారు. మంత్రిగారు తనిఖీ చేశారు. గంగులయ్యగారు ఇప్పుడే పైనుంచి కిందిదాకా చదివారు. అన్నవాళ్ళు ఒక్కరున్నా వాళ్ళను పిలిపించి వాళ్ళ ముందే నాకు శిక్ష వేయండి."

రాజుగారు జనం వైపు చూశారు. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"గంగులయ్యా, నువ్వెలా చదివావు?"

"చదవలే దొరా" అన్నాడు గంగులయ్య, కర్ర కింద పెట్టేసి. "ఈ గీత కాడ ఈ మాట అనుమన్నరు, అన్న. తప్పుపోయిందా?"

"లేదు, ఒక్క మాట కూడా తప్పుపోలేదు" అన్నారు రాజుగారు నీరసంగా.

మంత్రి మార్తాండయ్య ఒక భటుడి వెనక్కి జరిగాడు.

"మార్తాండయ్యా, ముత్యాల్లాంటి అక్షరాలన్నావు."

"దూరం నుంచి ప్రభూ... దూరం నుంచి చూస్తే..."

రాజుగారు మళ్ళీ రాతి వైపు తిరిగారు. ఆయన భుజాలు కదలడం వెనకనున్న కూచన్నకు కనిపించింది. ఏడుస్తున్నారేమో అనుకుని భయపడ్డాడు.

"కూచన్నా" అన్నారు రాజుగారు, ఇటు తిరక్కుండానే. "నేను కూడా దండం పెట్టాను గదూ?"

"నేను గమనించలేదు ప్రభూ."

"గమనించావు. చక్కగా గమనించావు" అంటూ రాజుగారు పెద్దగా నవ్వారు. ఎంత నవ్వారంటే రాతిని పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. రెండు చేతులూ పసుపయ్యాయి. రాజు నవ్వగానే జనం నవ్వారు. ఎగువ వీధీ దిగువ వీధీ కలిసి చేసిన పని చాలా రోజుల తర్వాత అదే.

"గెలిచావు. ఏం కావాలో అడుగు."

కూచన్న జనంలోకి చూపించాడు. "అడగవలసింది నేను కాదు ప్రభూ. ఆ అవ్వను అడగండి."

ముత్తవ్వ ముందుకు వచ్చింది. "మా రాళ్ళు మాకియ్యున్రి దొరా."

"ఈ శాసనం కూడానా?"

"ఇదే ముందుగాల. దర్వాజ మీద ఏసేటందుకు ఏరికోరి దించినం. అడ్డంగ ఏస్తే కిందిమీది లొల్లి ఉండదు. రెండు వీధుల పిల్లలు దాని కిందికెళ్ళే పోతరు, ఇంక బోనం ఎవరిదైతేంది?"

"అడ్డంగా వేస్తే నా సందేశం ఎలా చదువుతారు?"

"పిల్లల మెడలు బాగానే వంగుతాయి ప్రభూ. ఇప్పుడే తమరు చూపించారు, పెద్దల మెడలు కూడా వంగుతాయి" అన్నాడు కూచన్న.

రాజుగారు మళ్ళీ నవ్వారు. రాళ్ళు ఇప్పించారు. ఇంకో ఊరికి పోబోతున్న పంతులును పిలిపించి, రాజుగారి కొట్టు నుంచి ధాన్యం ఏర్పాటు చేశారు. ఊరూరా లేపబోయే శాసనాలు ఆపించి, ఆ రాళ్ళన్నీ బడులు కట్టడానికి పంపమన్నారు. వాటి తనిఖీ మార్తాండయ్యకే అప్పగించారు, పల్లకీ లేకుండా.

"దొరగారికి కృతజ్ఞతలు చెప్పవ్వా" అని మార్తాండయ్య ముత్తవ్వ చెవిలో గొణిగాడు.

"బడి అయినంక చెప్త" అంది ముత్తవ్వ.

*

కొన్నేళ్ళు గడిచాయి. రాజుగారు సందేశాలు పూర్తిగా మానలేదు గానీ బాగా తగ్గించారు. ఒక వానాకాలం ఇప్పలగూడెం నుంచి ఒక తాటాకు వచ్చింది. మంత్రుల పేర గానీ, ఊరిపెద్దల పేర గానీ కాదు. రాజుగారు కొలువులో తానే విప్పి చదివారు.

"మహారాజుగారికి ఇప్పలగూడెం బడి పిల్లలు రాసుకున్నది. మీ సందేశం చదివాము. మొదలు అర్థమైంది, మధ్యలో పొడుగ్గా ఉంది. వానకు బడి కప్పు కారుతోంది. కారని మూల ఒక్కటే ఉంది గనక ఎగువ వీధి పిల్లలం, దిగువ వీధి పిల్లలం అక్కడే ఇరుక్కుని కూర్చుంటున్నాం. బాగుచేయిస్తే మీకు కృతజ్ఞులమై ఉంటాం."

రాజుగారు అది రెండోసారి చదివారు. చదువుతూనే నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, తన భుజం మీది పట్టు శాలువ తీసి కూచన్న భుజాల మీద కప్పారు.

"ఇన్నేళ్ళు సందేశాలు పంపాను. జవాబు రావడం ఇదే మొదలు."

కూచన్న ఘంటం చేతిలోకి తీసుకుని ముందుకు జరిగాడు. "దీనికి జవాబు రాయమంటారా ప్రభూ? కాస్త క్లుప్తంగా..."

"రాయొద్దు. పెంకులు పంపించు" అన్నారు రాజుగారు.